సుస్వరం నుంచి తేటకి

గవర్రాజు ఇంట్లో మొగుడూ పెళ్లాలకి ఐదేళ్లుగా మాటా మాటా రాలేదు. జగన్నాథపురంలో ఆ వీధి వీధంతా ఈ సంగతి విడ్డూరంగా చెప్పుకునేది. ఎందుకంటే అంతకుముందు పాతికేళ్లు ఆ ఇంటి మాట వీధంతటికీ వినబడేది. దాన్ని గొడవ అనడానికి కూడా లేదు, మాట్లాడేది ఒక్కరే. గవర్రాజు పెళ్లాం నూకరత్నం బస్సు కండక్టరు. నిండు బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడి చేత కూడా టిక్కెట్టు కొనిపించిన గొంతు, ఇంటికొచ్చాక తగ్గమంటే తగ్గుతుందా! "ఏవయ్యా ఫోటోలాయనా, పాలు పొంగుతుంటే అలా చూత్తా నిలబడ్డావేంటి, ఫోటో తీద్దామనా?" అని ఆవిడ ఇంట్లో అరిస్తే ఎదురింటివాళ్లు లేచెళ్లి తమ పొయ్యి చూసుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే ఆ గొంతు ఆగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది, మాటతోపాటు రాతా పోయింది. మనసులో మాట చెక్కుచెదరకుండా ఉందనీ, అది బయటికొచ్చే దారే తెగిందనీ డాక్టరు చెప్పాడు. తల ఊపితే నమ్మొద్దు, అవుననబోయి కాదంటారు, కాదనబోయి అవునంటారు అన్నాడు. ఊరూరికే కోపం కూడా వస్తుంది, అది జబ్బు లక్షణం, మనసులో పెట్టుకోకండి అని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట గవర్రాజు బాగా గుర్తుపెట్టుకున్నాడు.

అప్పటికి మాటల పెట్టెలు వచ్చి కొన్నేళ్లయింది. చెవి వెనక రూపాయంత బిళ్ల అతికిస్తే, మనసులో మాట కట్టుకునే చోట పుట్టే అలికిడిని అది పసిగడుతుంది. ఒళ్లో ఉన్న పెట్టె దాన్ని మాటగా మార్చి పలుకుతుంది. గవర్రాజు కొన్నది సుస్వరం అనే రకం. పేరుకి తగ్గట్టే గొంతు తీయగా ఉంటుంది. దాన్ని ఎలా మాట్లాడించాలో అతనే దగ్గర కూర్చుని నేర్పాడు. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లోంచి "ఏవండీ, భోంచేశారా?" అన్న మాట వినిపించింది. వీధివాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. జబ్బు చేస్తే మనిషి ఇంతలా మారుతుందా అన్నారు. అబద్ధమెందుకు, గవర్రాజుకి ఆ మార్పు నచ్చింది. కట్టుకున్న ఇన్నేళ్లకి ఇంటికి వెళ్లాలంటే కాళ్లు తొందరపడటం మొదలైంది.

ఇప్పుడు ఆ సుస్వరం కంపెనీ మూతపడుతోంది. ఈ నెలాఖరు తర్వాత పెట్టెలు పలకవు, వేరే రకానికి మారిపొండి అని అందరికీ కబురు పంపారు. మార్కెట్లో ఇప్పుడున్నది తేట. అదేదో ఫోను మార్చినంత పనేలే అనుకుని, గవర్రాజు పెళ్లాన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఆటో మాట్లాడి, భానుగుడి సెంటరు దగ్గర తేటవాళ్ల ఆఫీసుకి తీసుకెళ్లాడు.

అక్కడ ఈ మార్పిళ్లు చూసే ఇంజనీరు పేరు రెజీనా. ముప్ఫై దాటని అమ్మాయి. నవ్వుతూ ఎదురొచ్చి, నూకరత్నం ముందు మోకాళ్ల మీద కూర్చుని పలకరించింది. ఆ పద్ధతి గవర్రాజుకి నచ్చింది.

"పాత పెట్టె అలవాట్లన్నీ దీన్లోకి తెచ్చుకుంటారా సార్, ఖాళీగా మొదలెడతారా?" అని అడిగింది.

"తెచ్చుకోకపోతే ఎలాగమ్మా! మా ఫోటో స్టూడియోలో ఓసారి కంప్యూటర్ మార్చినప్పుడు ఖాళీగా మొదలెట్టి నానా అగచాట్లూ పడ్డాను. మొత్తం తెచ్చెయ్."

"అలాగేనండి. ముందు రెండూ ఒకచోట పెట్టి చూద్దాం. రెండిటి మాటా కలుస్తోందో లేదో తెలుస్తుంది."

సుస్వరం బిళ్ల ఎడమ చెవి వెనక అలాగే ఉంచి, తేట బిళ్ల కుడి చెవి వెనక అతికించింది. ఆఫీసు కుర్రాడు తెచ్చిన కాఫీ చెంచాతో కాస్త కాస్త తాగించి అడిగింది. "కాఫీ బాగుందా ఆంటీ?"

సుస్వరం వెంటనే పలికింది. "అమృతంలా ఉందమ్మా. నీ చేతి చలవ."

తేట మీద చిన్న దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి, చాలాసేపటికి ఒక బొంగురు గొంతు బయటికొచ్చింది. "చల్లారిపోయింది... పంచదార... ఎక్కువ."

గవర్రాజు ఫక్కున నవ్వాడు. "ఇదేంటమ్మా మీ మిషను, ఇంత మొరటుగా ఉంది!"

రెజీనా నవ్వలేదు. కప్పు ముట్టుకుని చూసింది. కాఫీ చల్లారిపోయే ఉంది. ఆ అమ్మాయి ఇంకో పది ప్రశ్నలు అడిగింది. ఎండగా ఉందా, కుర్చీ ఇబ్బందిగా ఉందా, నిన్న రాత్రి నిద్ర పట్టిందా. సుస్వరానికి అన్నీ బాగానే ఉన్నాయి. తేటకి నడుం నొప్పి, ఫ్యాను గాలి నెత్తి మీద కొడుతోంది, రాత్రి దోమలు కుట్టాయి. రాత్రి దోమతెర కట్టడం మర్చిపోయిన సంగతి గవర్రాజుకి అప్పుడు గుర్తొచ్చింది.

"సార్, సుస్వరానికి మాటలు నేర్పిందెవరండీ?"

"నేనేనమ్మా," అన్నాడు గవర్రాజు. అప్పటికింకా కాస్త గర్వంగానే అన్నాడు.

ఆ నేర్పడం ఎలాంటిదో చెప్పాలి. సుస్వరం బిళ్లకి మనసులో మాట పూర్తిగా అందదు, లీలగా అందుతుంది. అందుకని పెట్టె మూడు రకాలుగా ఊహించి, మూడు వాక్యాలు తెర మీద చూపించేది. రోగిని ఎరిగిన మనిషి వాటిల్లో సరైనది నొక్కాలి. నొక్కగా నొక్కగా పెట్టెకి ఆ మనిషి తీరు పట్టుబడుతుంది, ఆ తర్వాత ఎవరూ నొక్కనక్కర్లేదు. మొదటిరోజు తెర మీద పైన వచ్చింది "ఆకలేస్తోంది, ఇంకెప్పుడు పెట్టి చస్తావు?" దాని కింద "అన్నం పెట్టు." అన్నిటికన్నా కింద "ఆకలిగా ఉందండీ, మీరు తిన్నారా?" గవర్రాజు కిందది నొక్కాడు.

దురుద్దేశమేమీ లేదు. అతని చేతికున్న అలవాటే అంత. ముప్ఫై ఏళ్లు పెళ్లి ఫోటోలకి టచింగు చేసిన చెయ్యి అది. మొటిమ కనబడితే తీసేస్తుంది, కంటి కింద నలుపు కనబడితే తుడిచేస్తుంది. పెళ్లివారు అడగనక్కర్లేదు. ఓసారి ఒక పెళ్లికూతురి అమ్మమ్మ ఆల్బమ్ చూసి "మా పిల్ల చెంప మీద మచ్చేదయ్యా?" అని నిలదీస్తే, మంచికి పోతే ఇలాగే ఉంటుందని వారం రోజులు బాధపడ్డాడు. పెళ్లాం మాటలకీ అదే చేశాడు. జబ్బు మనిషి నోట పరుషమైన మాట ఎందుకు రావాలి, రేపు బాగయ్యాక తనే సిగ్గుపడుతుంది అనుకున్నాడు. మూడిట్లోనూ మెత్తనిది ఏదైతే అది నొక్కుకుంటూ పోయాడు.

"పాత అలవాట్లు దీన్లోకి తెచ్చామనుకోండి," అంది రెజీనా, గొంతు తగ్గించి, "ఇది కూడా ఆవిడ మాట వినడం మానేస్తుంది సార్. మీరు నేర్పిందే పలుకుతుంది. ఖాళీగా మొదలెడితే మొదట్లో ఇలాగే నత్తనడక. మాటలు ముక్కలు ముక్కలుగా వత్తాయి. కానీ ఆవిడవే."

"ఇప్పుడెలాగంటావు?"

"ఆంటీని అడుగుదాం. మార్చాలంటే ఆవిడ ఒప్పుకోవాలి కదండీ." రెజీనా నూకరత్నం వైపు తిరిగింది. "ఆంటీ, పాత అలవాట్లు తెమ్మంటారా? వదిలెయ్యమంటారా?"

"ఆయన ఇష్టమే నా ఇష్టమమ్మా," అంది సుస్వరం, తడుముకోకుండా.

తేట మీద దీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. లోపల మాట కట్టుకుంటోంది. నూకరత్నం మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్లు పెట్టె మీదే ఉన్నాయి. గవర్రాజుకి చచ్చేంత భయం వేసింది. ఏమంటుందోనన్న భయం. చటుక్కున వంగి కుడి చెవి వెనక బిళ్ల ఊడబీకేశాడు.

"అలిసిపోయినట్టుందమ్మా. రేపొత్తాం," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

ఆటోలో దారి పొడుగునా సుస్వరం కబుర్లు చెబుతూనే ఉంది. గాలి హాయిగా ఉందండీ అంది. ఆ పిల్ల మంచిది కదండీ అంది.

ఇంటికొచ్చి, ఆవిణ్ణి వసారాలో కూర్చోబెట్టి, తనూ ఎదురుగా స్టూలు వేసుకున్నాడు. ఇంకా చీకటి పడలేదు. పక్కింటివాళ్ల కుక్కర్ ఈలలు వినిపిస్తున్నాయి. మనసులో ఒకటే తొలుస్తోంది. మిగతావన్నీ ఎలా ఉన్నా, హిమజ సంగతేంటి?

హిమజ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. తల్లి పోలికే. ఓడరేవులో క్రేను నడిపేది. అంత ఎత్తు మీద గాజుగదిలో కూర్చుని పెద్ద పెద్ద సరుకుల పెట్టెల్ని అగ్గిపెట్టెల్లా పేర్చేది. పెళ్లయి పెద్దాపురం వెళ్లాక, బాబు పుట్టాక, అత్తవారు ఆ ఉద్యోగం మానెయ్యమన్నారు. అల్లుడు చెడ్డవాడేం కాదు. అయితే వాళ్లమ్మ మాటకి ఎదురు చెప్పే రకం కూడా కాదు. అప్పుడు హిమజ పరిగెత్తుకొచ్చి తల్లి ఒళ్లో తల పెట్టి అడిగింది, ఏం చెయ్యమంటావమ్మా అని. పెట్టె తీయని గొంతుతో చెప్పింది. "పెద్దవాళ్ల మాట విను తల్లీ. ఇల్లు బాగుంటే అన్నీ బాగుంటాయి." ఆరోజు గవర్రాజు నొక్కలేదు. నొక్కాల్సిన అవసరం ఎప్పుడో పోయింది. అమ్మే అలా అంటే ఇంకేముందిలే అనుకుని హిమజ క్రేను దిగిపోయింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కాసేపు ఓడరేవు గోడ దాకా వెళ్లి నిలబడి వచ్చేది. గాలి కోసం అనేది.

"రత్నం," అన్నాడు గవర్రాజు. "నేను నీకేమైనా అన్యాయం చేశానా?"

"మీరా! మీరు దేవుడండీ," అంది సుస్వరం.

నూకరత్నం ఎడమ చెయ్యి లేచింది. పిడికిలి బిగిసి కుర్చీ చేతి మీద పడింది. ఠప్పుమంది.

ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. పెట్టె కొన్న మొదటి నెలల్లో అతను ఒక వాక్యం నొక్కినప్పుడల్లా ఆవిడ అలాగే కొట్టేది. రెండు గాజు గ్లాసులు పగలగొట్టింది. ఓసారి తెర మీదే గుద్దింది. డాక్టరు ముందే చెప్పాడుగా, జబ్బు లక్షణమని. అతను ఆ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఒళ్లో పెట్టేవాడు. పోను పోను కొట్టడం ఆగిపోయింది. జబ్బు తగ్గింది కాబోలని అతను వీధి చివర కొండబాబు కొట్టు నుంచి మిఠాయి తెచ్చి వీధిలో పంచాడు కూడా.

"హిమజని ఉద్యోగం మానెయ్యమన్నది నువ్వేనా?"

"ఆడపిల్లకి ఇల్లే కదండీ ముఖ్యం."

పిడికిలి మళ్లీ పడింది. మళ్లీ. మళ్లీ. ఆవిడ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. పెట్టె మాత్రం "మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి, పొద్దుట్నుంచీ తిరుగుతున్నారు" అంటోంది. ఐదేళ్లుగా తన పెళ్లాం గదిలో బందీ అయి తలుపులు బాదుతుంటే, తను బయట కూర్చుని పాటలు వింటున్నాడు. పెట్టె కట్టేశాడు. బిళ్ల తీశాడు. ఆవిడ పిడికిలి మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ చెయ్యి లాక్కుంది.

అతను లేచెళ్లి కూతురికి ఫోన్ చేశాడు. "రేపు పొద్దున్నే భానుగుడి దగ్గరికి రావాలమ్మా. అమ్మ పెట్టె మారుత్తున్నాం. నువ్వుండాలి."

మర్నాడు ఆఫీసు మెట్ల దగ్గరే అతను కూతురికి అంతా చెప్పేశాడు. దాచలేదు, టచింగూ చెయ్యలేదు.

"అయితే ఆ మాట అమ్మది కాదా?"

"కాదమ్మా."

"నేను క్రేను దిగింది ఎవరి మాట మీద నాన్నా?"

"నా అలవాటు మీదేనేమో," అన్నాడు గవర్రాజు. "నేనెప్పుడూ గొడవొద్దనుకునేవాణ్ణి కదా. దానికి అదే నేర్పాను."

హిమజ మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయింది.

రెజీనా తేట బిళ్ల ఒక్కటే అతికించింది. నిన్నటి ప్రశ్నే మళ్లీ అడిగింది. గవర్రాజు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. దీపం వెలిగి ఆరుతోంది. పెట్టెలో తీపి లేదు, ఊహ లేదు. ఆవిడ ఒక్కో మాటనీ బావిలోంచి చేదతో లాగినట్టు పైకి లాగాలి.

"వొద్దు," అంది తేట. కాసేపాగి మళ్లీ, "పాతది... పారెయ్."

రెజీనా కంప్యూటర్ వైపు తిరిగి, ఐదేళ్ల సుస్వరాన్ని తుడిచేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తీయని గొంతు ఇంకెప్పుడూ వినబడదని గవర్రాజుకి తెలుసు. తప్పని తెలిసినా, ఆ గొంతు పోయినందుకు గుండెల్లో ఒక మూల కలుక్కుమంది. సిగ్గేసింది కూడా.

"ఏవయ్యా," అంది తేట.

ఐదేళ్ల తర్వాత ఆ పిలుపు. గవర్రాజు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "ఆ, రత్నం."

"నా మీద కూడా... టచింగు... చేశావా?"

"చేశాను." కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు రాలేదు. "చేశాను రత్నం. తప్పయిపోయింది. నన్ను ఎన్ని తిట్టాలనుంటే అన్ని తిట్టు, ఎంతసేపైనా తిట్టు."

దీపం చాలాసేపు వెలుగుతూ ఆరుతూ ఉంది. "తిడతాను," అంది. "తర్వాత. ఏడుపు కూడా... తర్వాత. ముందు... పిల్ల."

హిమజ వచ్చి కుర్చీ ముందు కింద కూర్చుంది. ఎప్పట్లా ఒళ్లో తల పెట్టలేదు. తల్లి మొహంలోకి సూటిగా చూసింది. ఇన్నాళ్లూ తను కబుర్లు చెప్పింది ఈ మనిషికా, పెట్టెకా అని వెతుకుతున్నట్టు చూసింది.

"అమ్మా, ఆ రోజు నేను అడిగినప్పుడు నువ్వు నిజంగా ఏమన్నావు?"

నూకరత్నం కళ్లు మూసుకుంది. గవర్రాజు పెదాలు కదిలాయి, ఇలా అని ఉంటుంది అని చెప్పబోయి నోరు మూసుకున్నాడు.

"గుర్తులేదే," అంది తేట. "చాలా... అన్నాను. రోజూ... అన్నాను. ఒక్కటీ... మిగల్లేదు."

హిమజకి ఏడుపు తన్నుకొచ్చింది. మాట ఉంటే ఎక్కడో దాగి ఉంటుందనీ, వెతికితే దొరుకుతుందనీ ఆశపడి వచ్చింది పిల్ల. ఆ మాట ఏ పెట్టెలోనూ లేదు. పుట్టిన చోటే చచ్చిపోయింది. అలాంటివి ఐదేళ్ల పాటు ఎన్ని చచ్చిపోయాయో లెక్కపెట్టగలిగేవాళ్లెవరూ లేరు.

"పోనీ ఇప్పుడు చెప్పమ్మా," అంది వెక్కుతూ. "ఓడరేవులో మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నారంట. వెళ్లనా? మా అత్తగారు ఒప్పుకోరు. ఆయన ఏమీ అనరు. నువ్వు వెళ్లమంటే వెళ్తాను. నువ్వొద్దంటే మానేత్తాను. నువ్వు ఏం చెప్తే అది."

దీపం వెలిగింది. గవర్రాజుకి ఆవిడ ఏమంటుందో తెలిసిపోయిందనిపించింది. వెళ్లు అంటుంది, ఇంకేమంటుంది! ఉద్యోగం మానమంటే పురిటి నొప్పులొచ్చే దాకా బస్సు దిగని మనిషి. కూతురికీ అదే తెలుసు, అది వినడానికే మొహం ఎత్తి ఎదురుచూస్తోంది.

"నన్నెందుకు... అడుగుతావే?" అంది తేట. ఒక్కో మాటకీ ఆవిడ నుదుటి మీద చెమట పడుతోంది. "నా నోరు... పోయింది. నీకు... ఉందిగా!"

హిమజ బిత్తరపోయింది. తండ్రి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. రెజీనా వైపు చూసింది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. ఎవరూ ఏమీ అందించలేదు. అమ్మ మాత్రం కళ్లార్పకుండా తననే చూస్తోంది.

"వెళ్తాను," అంది హిమజ, గొణుగుతున్నట్టు.

"గట్టిగా," అంది తేట.